పాత తోలు సంచికి ఏ మందు?

మీ ఇంటి అటక మీదో, ఇనుప పెట్టె అడుగునో పాత తోలు సంచి ఉందేమో వెతికి చూడండి. అది తాతగారు బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళేటప్పుడు భుజాన వేసుకున్నది కావచ్చు. అమ్మమ్మ వాడిన హ్యాండ్‌బ్యాగు కావచ్చు. లేదా పాత సామాన్ల కొట్టులో ఎవరో చవకగా కొన్నది కావచ్చు. బయటికి తీసేసరికి అది అట్టలా బిగుసుకుపోయి ఉంటుంది. మడతపెడితే చిటపటమంటుంది. పైన తెల్లని పొడి కూడా కనిపించవచ్చు.

ఇంట్లో ఒకరు "కొబ్బరినూనె దట్టంగా పట్టించు" అంటారు. ఇంకొకరు "సబ్బుతో కడిగి ఎండలో పెట్టు" అంటారు. మూడోవారు "ఇంకెందుకది, పారెయ్" అంటారు. వీరిలో ఎవరి మాట వినాలి?

జబ్బేమిటో తెలుసుకోకుండా మందు ఇవ్వకూడదు కదా! తోలు విషయంలోనూ అంతే. నలభై ఏళ్ళు నిలిచిన సంచి, తెలియక చేసిన వైద్యంతో ఒక్క మధ్యాహ్నంలో పాడైపోవచ్చు. తోలు కోల్పోయిన వాటిలో కొన్నింటిని మనం తిరిగి ఇవ్వగలం. కొన్నింటిని ఎవరూ ఇవ్వలేరు. ఏది ఏదో తెలుసుకోవాలంటే అసలు తోలు అంటే ఏమిటో ముందు తెలియాలి.

డప్పుకూ చెప్పుకూ తేడా

డప్పు మీద బిగించినదీ చర్మమే, చెప్పు కుట్టినదీ చర్మమే. కాని ఆ రెండూ ఒకటి కావు. డప్పు వాయించే ముందు దాన్ని మంట దగ్గర కాచడం మీరు చూసే ఉంటారు. గాలిలోని తేమను పీల్చుకుని డప్పు చర్మం వదులవుతుంది. వేడికి ఆ తేమ పోయి మళ్ళీ బిగుస్తుంది, ఖంగుమని మోగుతుంది. డప్పుకు వాడేది పచ్చి చర్మం. వెంట్రుకలు తీసి, బిగించి, ఆరబెట్టినదన్నమాట. దాన్ని నీళ్ళలో నానబెట్టి వదిలేస్తే కుళ్ళిపోతుంది. నీళ్ళలో ఉడికిస్తే కరిగి బంక అవుతుంది.

చెప్పు అలా కాదు. వానలో తడిసినా, బురదలో నడిచినా కుళ్ళిపోదు. ఎందుకంటే ఆ చర్మాన్ని ముందే ఊనారు. అంటే పచ్చి చర్మాన్ని కొన్ని పదార్థాలతో కలిపి, కుళ్ళని వస్తువుగా మార్చారు. అలా ఊనిన చర్మాన్నే మనం తోలు అంటున్నాం.

ఈ విద్య మన పల్లెల్లో మాదిగ కుటుంబాల చేతుల్లో తరతరాలుగా ఉండేది. ఊరి చివర లంద ఉండేది. చర్మాన్ని సున్నపు నీళ్ళలో నానవేసి వెంట్రుకలు వదిలించేవారు. అంటిన మాంసాన్ని గీకేసేవారు. తరువాత లందలో తంగేడు చెక్క, అంటే తంగేడు బెరడు వేసిన నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. ఊరంతటికీ చెప్పులు, మోట బావికి తోలు తొండాలు, ఎడ్లకు పట్టెడలు ఆ చేతులే తయారుచేసి ఇచ్చాయి. ఊరు మాత్రం వారిని దూరంగా ఉంచింది. ఆ లందలో జరిగింది చక్కని రసాయనశాస్త్రం. ఆ మాట మన పాఠ్యపుస్తకాల్లో ఉండవలసినంతగా లేదు.

వగరులో ఉన్న రహస్యం

లేత నేరేడు కాయ గాని, పచ్చి అరటికాయ ముక్క గాని నోట్లో వేసుకుంటే ఏమవుతుంది? నాలుక మొద్దుబారి, నోరంతా పట్టేసినట్లుంటుంది. దాన్నే మనం వగరు అంటాం. ఆ కాయల్లో టానిన్లు అనే పదార్థాలున్నాయి. అవి లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుని ముద్దలుగా చేస్తాయి. నోటిలోని జారుడు గుణం పోతుంది. అందుకే ఆ గరుకుదనం.

చర్మంలో ఎక్కువ భాగం కూడా ఒక మాంసకృత్తే. దాని పేరు కొల్లాజెన్. టానిన్లు లాలాజలాన్ని పట్టుకున్నట్లే దీన్నీ పట్టుకుంటాయి. కొల్లాజెన్ పోగుల మధ్య నిలిచి వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. అప్పుడు సూక్ష్మజీవులు ఆ పోగులను సులభంగా తినలేవు. చర్మం తోలవుతుంది.

సత్తుపల్లి చుట్టుపక్కల ఉన్నవారికి ఈ టానిన్ల కోసం ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. బతుకమ్మలో పేర్చే తంగేడు పూల మొక్క బంజరు భూముల్లో, గట్ల మీద పెరుగుతుంది. దాని బెరడు నిండా టానిన్లే. ఖమ్మం, భద్రాచలం అడవుల్లోని కరక చెట్టు కాయల్లోనూ టానిన్లు మెండు. అందుకే దగ్గుకు బుగ్గన పెట్టుకునే కరక్కాయ అంత వగరు! ఒకప్పుడు మద్రాసు నుంచి ఇంగ్లండుకు ఓడల్లో వెళ్ళిన ఈస్టిండియా తోళ్ళు తంగేడు చెక్కతో ఊని, చివర కరక్కాయ నీళ్ళు పట్టించినవే. కరక్కాయ వల్ల తోలుకు లేత రంగు వచ్చేది. వెలుతురుకు ఎర్రబారడం తగ్గేది.

మీరే చేసి చూడండి. రెండు కరక్కాయలు దంచి, గ్లాసు నీళ్ళలో మరిగించి, చల్లార్చి వడకట్టండి. ఒక కోడిగుడ్డు తెల్లసొనను గ్లాసు నీళ్ళలో కలిపి, పలుచని బట్టతో వడకట్టండి. సొన నీళ్ళలో కషాయం కొద్దికొద్దిగా పోయండి. నీళ్ళు మసకబారి తునకలు తునకలుగా విడిపోతాయి. టానిన్లు మాంసకృత్తును పట్టుకోవడం మీ కళ్ళముందే జరుగుతుంది. మిగిలిన కషాయంలో తుప్పు పట్టిన మేకు ఒకటి వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి సిరాలాంటి నల్లరంగు వస్తుంది. ఈ రెండో ప్రయోగం గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

మూడు పాయల జడ

కొల్లాజెన్ నిర్మాణం మొదట స్పష్టంగా తేలింది మన దేశంలోనే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే శాస్త్రజ్ఞులు అది మూడు పేటల మెలి అని ప్రతిపాదించారు. మూడు పాయల జడను ఊహించుకోండి. అలాంటి జడలు కట్టలు కట్టి పోగులవుతాయి. పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని చర్మమవుతుంది. అందుకే దానికి అంత గట్టిదనం.

అదే నగరంలో, అడయారులో, 1948 నుంచి కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. 1958 నుంచి 1971 వరకు దానికి సంచాలకులుగా ఉన్నది మన తెలుగువాడే. ఆయనే యలవర్తి నాయుడమ్మ. 1922లో తెనాలి ప్రాంతంలోని యలవర్రు గ్రామంలో, రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ, అమెరికాలోనూ చదివి, చాలామంది చీదరించుకునే తోలు పనిని తన శాస్త్రంగా ఎంచుకున్నారు. ప్రయోగశాలలో తేలిన విషయం తోళ్ళు ఊనే మనిషి చేతికి అందాలన్నది ఆయన పట్టుదల. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించారు.

ఊనడానికి మరో పద్ధతి కూడా ఉంది. 19వ శతాబ్దం చివర క్రోమియం లవణాలతో ఊనడం మొదలైంది. 1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో ఆ పద్ధతిపై ప్రయోగాలు ప్రారంభించాడు. చెక్కతో వారాలు పట్టే పని దీనితో ఒకటి రెండు రోజుల్లో అవుతుంది. ఈనాడు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం క్రోమ్ తోలే. మీ సంచి ఏ రకమో తెలుసుకోవాలంటే రంగు అంటని కత్తిరింపు అంచును చూడండి. లోపల గోధుమరంగు ఉంటే చెక్కతో ఊనినది కావచ్చు. నీలి బూడిదరంగు ఉంటే క్రోమ్ తోలు కావచ్చు. అంచులో తోలు పోగులకు బదులు నేత బట్ట కనిపిస్తే అది తోలే కాదు, రెక్సిన్. రెక్సిన్‌కు ఈ వైద్యమేదీ పనికిరాదు.

నూనె ఏం చేస్తుంది?

"తోలుకు ఆకలేస్తుంది, నూనె తాగించాలి" అని కొందరంటారు. తోలుకు ప్రాణం లేదు, ఆకలీ లేదు. మరి నూనె ఎందుకు?

సంచిని మడిచినప్పుడల్లా లోపలి పోగులు ఒకదానిమీద ఒకటి జారాలి. బండి ఇరుసుకు కందెన వేస్తాం చూడండి, పోగుల మధ్య నూనె చేసే పని అదే. అందుకే తోలు తయారుచేసేటప్పుడే దానికి నూనె పట్టిస్తారు. నూనెతోపాటు నీళ్ళూ ముఖ్యమే. ఆరినట్లు కనిపించే మంచి తోలులో కూడా దాని బరువులో ఏడెనిమిదో వంతు వరకు తేమ ఉంటుంది. అటక మీద ఏళ్ళు గడిచేకొద్దీ నూనెలో కొంత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారిపోతుంది, కొంత బయటికి వచ్చేస్తుంది. తేమ తగ్గుతుంది. పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు మడిస్తే జారలేక తెగుతాయి. ఆ తెగిన చోటే మనకు పగులు కనిపిస్తుంది.

పోయిన నూనెను, తేమను మనం తిరిగి ఇవ్వగలం. తెగిన పోగులను ఏ నూనె అతకలేదు. కాబట్టి సంచి గట్టిపడినా ఇంకా పగలకముందే చూసుకోవాలి. ఇదే అసలు సంగతి.

ఎండ ఒక పక్క, వాన ఒక పక్క

సత్తుపల్లి, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కప్పు కింద అటక ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడికి తోలులోని తేమ ఎగిరిపోతుంది. తరువాత వానలు పడతాయి. గాలిలో తేమ నూటికి డెబ్భై పాళ్ళు దాటి రోజుల తరబడి నిలిస్తే తోలు మీద బూజు పుడుతుంది. బూజుకు తోలులోని కొవ్వులు, పైన అంటిన చెమట, మురికి అన్నీ ఆహారమే. వేసవిలో ఎండి, వానల్లో ఉబ్బి, మళ్ళీ ఎండి తోలు అలసిపోతుంది. సంచిని పాడుచేసేది వయసొక్కటే కాదు, ఉంచిన చోటు కూడా.

ముందు జబ్బు కనిపెట్టండి

సంచిని వెలుతురులో పెట్టి, తెల్లని బట్టతో మెల్లగా రుద్ది, భూతద్దంతో పరీక్షించండి.

గట్టిగా ఉండి, సన్నని గీతలు మాత్రమే కనిపిస్తే అది ఎండిపోయిన తోలు. దీనికి వైద్యం ఉంది.

తెల్లగానో పచ్చగానో దూదిలాంటి పోగులు, చుక్కలు కనిపించి, ముక్కవాసన వేస్తే అది బూజు. దీనికీ వైద్యం ఉంది.

తెల్లపొర ఉంది కాని, పోగులు లేవు, వేలికి జిడ్డుగా తగిలింది అనుకోండి. అది లోపలి కొవ్వు పైకి తేలి గడ్డకట్టినది. పొడిబట్టతో తుడిస్తే చాలు. దీన్ని చూసి ఇంకా నూనె పట్టిస్తే జబ్బు ముదురుతుంది సుమా!

బకిలీ చుట్టూ, మేకుల చుట్టూ నల్లమచ్చలుంటే మీ మేకు ప్రయోగం గుర్తు చేసుకోండి. ఇనుము, టానిన్లు, తేమ కలిసి చేసిన సిరా అది. ఆ మచ్చను పోగొట్టాలని గీకకండి. తుప్పు తుడిచి పొడిగా ఉంచితే మచ్చ పెరగదు.

తెల్లబట్టకు ఇటుకపొడిలాంటి ఎర్రని పొడి అంటుకుంటే మాత్రం ఆగండి. చెక్కతో ఊనిన పాత తోళ్ళకు వచ్చే చెడ్డ జబ్బు ఇది. బొగ్గు పొగలాంటి వాటిలో ఉండే గంధకపు వాయువులను తోలు పీల్చుకుంటే, లోపల ఆమ్లం తయారై కొల్లాజెన్ జడలను ముక్కలు చేస్తుంది. దీనికి తిరిగి రావడమంటూ లేదు. నూనె పోస్తే నల్లబడి, మరింత విరుగుతుంది. అలాంటి సంచిని వాడకండి. నూలుబట్టలో చుట్టి, జ్ఞాపకంగా దాచుకోండి.

ఇక వైద్యం మొదలుపెడదాం

ఒకటి: సంచిని ఖాళీ చేసి, ఆరుబయట మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. బూజు ఉంటే ముక్కుకు బట్ట కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పని చేయకూడదు. బూజు దులిపాక రెండు రోజులు గాలి ఆడే నీడలో ఉంచండి. ఇంకా మరక ఉంటే సర్జికల్ స్పిరిట్‌లో సమానంగా నీళ్ళు కలిపి, బట్టను తడిపి, గట్టిగా పిండి, తుడవండి. ముందు మూత కింద కనిపించనిచోట తుడిచి చూడాలి. రంగు ఊడితే మానేయండి. స్పిరిట్ మండే గుణం కలది. పొయ్యికి దూరంగా, పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని చేయండి.

రెండు: మురికి తుడవడానికి తడిపి పిండిన బట్ట చాలు. జిడ్డు ఎక్కువగా ఉంటే గ్లాసు నీళ్ళలో రెండు చుక్కల పిల్లల షాంపూ కలిపి, ఆ నీళ్ళతో పిండిన బట్ట వాడండి. బట్టల సబ్బు మాత్రం వద్దు. తోలు స్వభావం ఆమ్లం వైపు ఉంటుంది. దాని పి.హెచ్. సుమారు 4. బట్టల సబ్బు నీళ్ళది 9 నుంచి 10. పి.హెచ్.లో ఒక్క అంకె తేడా అంటే పదిరెట్లని మీకు తెలుసు. ఆ క్షారం టానిన్లను కడిగేస్తుంది, తోలును నల్లబరుస్తుంది.

మూడు: లోపల పాత నూలుబట్టలు కుక్కి, ఆకారం నిలిపి, ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. ఎండలో గాని, పొయ్యి దగ్గర గాని పెట్టకండి. ఒక స్థాయి వేడి దాటితే కొల్లాజెన్ మెలి వీడి, పోగు ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. తడిసిన పచ్చి చర్మానికి ఇది సుమారు 65 డిగ్రీల దగ్గర జరుగుతుంది. ఊనిన తోలుకు ఇంకా ఎక్కువ వేడి కావాలి. కాని పాతబడి బలహీనపడిన తోలు తడిగా ఉంటే అంతకన్నా తక్కువ వేడికే ముడుచుకోవచ్చు. అలా ముడుచుకున్న తోలును మళ్ళీ సాగదీయలేం.

నాలుగు: ఇప్పుడు నూనె. చెప్పుల దుకాణాల్లో దొరికే రంగులేని తోలు క్రీము ఉంటే అదే మేలు. లేకపోతే మన పెద్దలు కిర్రు చెప్పులకు రాసిన ఆముదమే వాడవచ్చు. అవిసె నూనె గాలికి ఆరి, పొరకట్టి, గట్టిపడుతుంది. ఆముదం అలా గట్టిపడదు. అయితే చెప్పుకు పట్టించినంత సంచికి పట్టించకూడదు. బట్టమీద నాలుగైదు చుక్కలు వేసి, బట్టంతా పట్టేలా నలిపి, తోలు మీద పలుచగా రాయండి. మొదట కనిపించనిచోట రాసి ఒక రోజు చూడండి. రంగు బాగా ముదిరితే ఆపండి. లేకపోతే మిగతా భాగానికి రాసి, మరునాడు పొడిబట్టతో తుడవండి. ఇంకా గట్టిగా ఉంటే వారం తరువాత మరోసారి రాయండి. ఎక్కువ నూనె పోసిన సంచి జిడ్డోడి, దుమ్ము పట్టి, బూజుకు విందు అవుతుంది. మ్యూజియముల్లో కూడా ఒకప్పుడు పాత తోలు వస్తువులకు క్రమం తప్పకుండా నూనె పట్టించేవారు. దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువని తేలాక చాలాచోట్ల ఆ అలవాటు మానుకున్నారు. వాడే సంచికి కందెన కావాలి. అద్దాల పెట్టెలో కదలకుండా ఉండే వస్తువుకు దాని అవసరం లేదు.

ఐదు: కుట్టు ఊడితే చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళండి. పాత రంధ్రాల్లోనుంచే మైనం పట్టిన దారంతో కుట్టమని అడగండి. పక్కనే కొత్త రంధ్రాలు పొడిస్తే, తపాలా బిళ్ళల మధ్య రంధ్రాల వరుసలాగా తోలు అక్కడే చిరుగుతుంది. ఆయన ఆరె ఎలా గుచ్చుతున్నాడో, దారం రెండు వైపులనుంచి ఎలా లాగుతున్నాడో దగ్గర కూర్చుని గమనించండి. సందేహాలుంటే అడగండి. మీ పుస్తకంలో లేని విషయాలు చాలా తెలుస్తాయి.

ఆరు: బాగైన సంచిని పాలిథిన్ సంచిలో కట్టిపెట్టకండి. లోపల తేమ చిక్కుకుని బూజు పడుతుంది. నూలుబట్టలో చుట్టి, గాలి ఆడేచోట, అటకకన్నా కిందుగా ఉన్న అలమారలో పెట్టండి. వానాకాలంలో పదిహేను రోజులకొకసారి బయటికి తీసి గాలి పట్టించండి. అన్నిటికన్నా మంచి పద్ధతి, దాన్ని వాడుతూ ఉండటం. రోజూ చేతిలో ఉన్న సంచికి బూజు పట్టే తీరిక ఉండదు.

ఇప్పుడు ఆ ముగ్గురి మాటలూ తూచి చూడండి. "నూనె పట్టించు" అన్నవారి మాటలో కొంత నిజముంది, కాని "దట్టంగా" అన్నదే తప్పు. "సబ్బుతో కడిగి ఎండలో పెట్టు" అన్నవారి మాట పూర్తిగా తప్పు. "పారెయ్" అన్నవారికి జవాబు మీ చేతిలోని తెల్లబట్ట చెబుతుంది. ఎర్రపొడి అంటకపోతే ఆ సంచికి ఇంకా చాలా ఏళ్ళ ఆయుష్షు ఉండవచ్చు. ఈ ఆదివారం అటక దించి పరీక్షించండి. మీరు చూసినది, చేసినది తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక వానాకాలం గడిచాక మళ్ళీ పరీక్షించి, రెండూ పోల్చి చూడండి.